మన సివ్‌కి ఏం లేకుండా చెయ్యాలి? ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో కాకతీయుల కథ

ఈసారి ఎపిసోడ్ నా ఓటమితో మొదలవుతుంది. గేమ్ గెలిచాను, అయినా ఓడిపోయాను. ఎట్లాగో చెప్తా.

సంక్రాంతికి మా ఊరు కొమరోలు వెళ్ళాను. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 కోసం నేను రాత్రిళ్ళు కూర్చుని ఒక మాడ్ తయారుచేశాను. అందులో కాకతీయులు ఒక సివిలైజేషన్. ఓరుగల్లు కోట, ఏనుగులు, వజ్రాలు, ఉక్కు, చెరువులు, అన్నీ పెట్టేశాను. మా పిన్ని కొడుకుని కూర్చోబెట్టి ఆడించాను. వాడు ఫ్రాంక్స్ తీసుకున్నాడు. ఇరవై నిమిషాల్లో వాడి ఊరు బూడిద. రెండో గేమ్ కూడా అంతే. మూడో గేమ్ మొదలుపెట్టబోతే లేచి వెళ్ళిపోయాడు. వెళ్తా వెళ్తా ఒక మాటన్నాడు: "అన్నా, ఇది గెలవడానికి చేసుకున్నావు గానీ ఆడుకోడానికి కాదు. నీతో ఎవరాడతారు?"

ఆ మాట నన్ను చాలారోజులు వదల్లేదు. ఎందుకంటే వాడు చెప్పింది గేమ్ గురించి మాత్రమే కాదు. నేను రాసుకున్న చరిత్ర కూడా అట్లాగే ఉంది. గెలవడానికి రాసుకున్న చరిత్ర.

ముందు అసలు గేమ్ సంగతి. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్తా. 1999లో ఎన్‌సెంబుల్ స్టూడియోస్ వాళ్ళు తెచ్చిన గేమ్ ఇది. కొద్దిమంది విలేజర్లతో మొదలుపెట్టి, తిండి, చెక్క, బంగారం, రాయి పోగేసి, ఏజ్ తర్వాత ఏజ్ దాటి, సైన్యం కట్టి, ఎదుటివాడి మీదికి పోవాలి. ఈటెవాడు గుర్రాన్ని కొడతాడు, గుర్రం విలుకాడిని కొడుతుంది, విలుకాడు ఈటెవాడిని కొడతాడు. గేమ్ మొత్తం ఈ ముక్కోణం మీద నడుస్తుంది. మొదట్లో ఇందులో ఇండియా ఊసే లేదు. 2013లో ద ఫర్గాటెన్ అనే ఎక్స్‌పాన్షన్‌లో 'ఇండియన్స్' అని ఒకే ఒక్క సివ్ వచ్చింది. కాశ్మీరం నించి కన్యాకుమారి దాకా అందరం ఒకే గాటన. తర్వాత 2022 ఏప్రిల్‌లో డైనాస్టీస్ ఆఫ్ ఇండియా వచ్చాక ఆ గాటను విప్పారు. పాత ఇండియన్స్ హిందుస్తానీలు అయ్యారు. బెంగాలీలు, గుర్జరులు, ద్రవిడియన్లు కొత్తగా వచ్చారు.

మనం ఆ ద్రవిడియన్లలో ఉన్నాం. ఉన్నామనే అనుకోవాలి. వాళ్ళు మాట్లాడేది తమిళం, వాళ్ళ క్యాంపెయిన్ రాజేంద్ర చోళుడిది. ప్రత్యేక సైనికుడు ఉరుమి కత్తివాడు, అది కేరళ కళరిలో తిప్పే వంగే కత్తి. ప్రత్యేక ఓడ తిరిసడై. పడవలు, చేపలు, డాక్‌లు, వీళ్ళ బలమంతా నీళ్ళ మీద. చోళులకి అది సరిగ్గా సరిపోయింది, నాకేం పేచీ లేదు. వెయ్యేళ్ళ కింద సముద్రం దాటి శ్రీవిజయం మీదికి పోయినవాళ్ళకి ఓడలు ఇవ్వక ఇంకెవరికి ఇస్తారు? కానీ నేను కొమరోలువాణ్ణి. ఒకపక్క నల్లమల, ఇంకోపక్క వెలిగొండలు. మా దగ్గర డాక్ కట్టాలంటే కంభం చెరువులో కట్టాలి.

ఇంకోటి. ద్రవిడియన్లకి నైట్స్ లేరు. అంటే బరువైన ఆశ్వికదళం ఉండదు. అందుకే అరేబియా లాంటి నేల మ్యాపుల్లో చాలాకాలం వాళ్ళు కింది వరుసలోనే ఉన్నారు. గుర్రాలున్నవాడు ఈ పక్క నించి కొట్టి ఆ పక్కకి పోతే వీళ్ళు నడుచుకుంటా వెంటపడాలి. నీళ్ళ మ్యాపుల్లో మాత్రం బాగా ఆడతారు.

సరే, అయితే తెలుగువాళ్ళకి వేరే సివ్ చేద్దాం అనుకున్నా. పేరు దగ్గరే మొదటి చిక్కు. కాకతీయులు అంటే ఒక వంశం. ఈ గేమ్‌లో సివ్‌లు సాధారణంగా ఒక జనం పేరుతో ఉంటాయి, రాజవంశం పేరుతో కాదు. 2025లో త్రీ కింగ్‌డమ్స్‌లో చైనా రాజ్యాలు షు, వు, వెయ్‌లని విడివిడిగా సివ్‌లు చేస్తే ఆటగాళ్ళు చాలామంది గొడవపెట్టింది ఇందుకే. మరి ఆంధ్రులు అని పెడితే ఒకరికి కోపం, తెలంగాణ అని పెడితే ఇంకొకరికి కోపం. ఢిల్లీ సుల్తానుల చరిత్రకారులు మన దేశాన్ని 'తిలంగ్' అని రాశారు. అందుకని తెలింగులు అని పెట్టా. అటువాళ్ళూ ఇటువాళ్ళూ ఇద్దరూ ఊరుకున్నారు. కాకతీయుల నించి విజయనగరం దాకా అందరినీ ఇందులో కలపొచ్చు కూడా.

ఇక అసలు పని. నా తప్పు ఎక్కడుందో మా తమ్ముడు వెళ్ళిపోయాక అర్థమైంది. ఈ గేమ్‌లో సివ్‌ని గుర్తుపట్టేది దానికి ఏం ఉందో చూసి మాత్రమే కాదు, ఏం లేదో చూసి. గోత్‌లు రాతిగోడ కట్టలేరు. సైనికుల్ని మాత్రం చవగ్గా, వరదలాగా దింపుతారు. మాయన్లకీ అజ్‌టెక్‌లకీ గుర్రమే లేదు, ఎందుకంటే స్పానిష్‌వాళ్ళు వచ్చేదాకా ఆ ఖండంలో గుర్రాలు లేవు. ఆ లేకపోవడం వల్లే వాళ్ళ ఆట వేరేగా ఉంటుంది. మరి మనకి ఏం లేదు? మన గొప్పల లిస్ట్ పుస్తకాల్లో ఉంది, యూట్యూబ్‌లో ఉంది, వాట్సాప్‌లో ఇంకా ఎక్కువ ఉంది. మనకి లేనిదాని లిస్ట్ ఎవరూ రాయరు. అది నేనే వెతుక్కోవాల్సి వచ్చింది.

గుర్రాలతో మొదలుపెట్టా. ద్రవిడియన్లకి నైట్స్ లేరు కాబట్టి మనకీ తీసేద్దామా? 1310లో మాలిక్ కాఫుర్ ఓరుగల్లుని ముట్టడించినప్పుడు ప్రతాపరుద్రుడు కప్పం ఇచ్చాడు కదా, అందులో 100 ఏనుగులు, 7000 గుర్రాలు ఉన్నాయని ఢిల్లీ చరిత్రకారుడు బరనీ రాశాడు. గెలిచినవాళ్ళ లెక్క కాబట్టి కొంచెం పెంచి ఉండొచ్చు. సగానికి సగం కొట్టేసినా వేల గుర్రాలు. కాబట్టి గుర్రం లేదు అనడానికి వీల్లేదు. కానీ మంచి యుద్ధాశ్వాలు మన దక్షిణాదిలో ఎక్కువగా పుట్టేవి కావు. అరేబియా, పర్షియాల నించి ఓడల్లో రావాలి, బంగారం పోసి కొనాలి. తర్వాత విజయనగరం కూడా పోర్చుగీసువాళ్ళ దగ్గర గుర్రాల కోసం ఎంత తంటాలు పడిందో తెలిసిందే. అందుకని నైట్స్‌ని తీసెయ్యలేదు, బంగారం ధర పెంచా. బంగారం అయిపోయిందా, నీ గుర్రాలూ అయిపోయాయి. ఈ ఒక్క మార్పుకే సివ్ సగం దారికొచ్చింది.

ఉక్కు విషయం త్వరగా చెప్పేస్తా. ద్రవిడియన్లకి వూట్జ్ స్టీల్ అనే టెక్నాలజీ ఉంది. అది చేసుకుంటే మన కత్తి ఎదుటివాడి కవచాన్ని లెక్కే చెయ్యదు. ఆ ఉక్కుకి పేరుమోసిన చోట్లలో ఒకటి నిజామాబాద్ వైపు కోనసముద్రం. పర్షియా వర్తకులు వెతుక్కుంటా అక్కడిదాకా వచ్చేవాళ్ళు. అంటే ఆ టెక్నాలజీ అడిగి తెచ్చుకునే హక్కు మనకుంది. నేను మాత్రం ఉక్కుని తీసుకోలేదు. ఒకే సివ్‌కి అన్నీ ఇస్తే ఏమవుతుందో మా తమ్ముడి మొహంలో చూశా కదా.

వ్యాపారానికి మోటుపల్లి ఉంది, మొన్నమొన్నటిదాకా మా ప్రకాశం జిల్లా. 1244లో గణపతిదేవుడు అక్కడ ఒక శాసనం వేయించాడు. అంతకుముందు తుఫానుకి ఓడ ఒడ్డుకి కొట్టుకొస్తే అందులో సరుకంతా రాజులు గుంజుకునేవాళ్ళు. ఇకమీదట నేను సుంకం తప్ప ఏమీ తీసుకోను, భయపడకుండా రండి అని వర్తకులకి ఆయన మాటిచ్చాడు. ఆ వైపుకి వచ్చిన కథలు విన్న మార్కో పోలో ఇక్కడి వజ్రాల గురించీ, సన్నటి బట్ట గురించీ, రాజ్యమేలే రాణి గురించీ రాశాడు. ఆ రాణి రుద్రమదేవే అంటారు చరిత్రకారులు. గేమ్‌లో దీన్ని ఒక చిన్న బోనస్ చేశా: నీ ఓడ మునిగితే దాని ఖర్చులో కొంత నీకు తిరిగొస్తుంది. చిన్నదే గానీ నాకు చాలా ఇష్టమైన బోనస్ అది.

ఇప్పుడు చెరువు. ఇక్కడ కాసేపు ఆగాలి.

రామప్ప, లక్నవరం, పాకాల అంతా కాకతీయుల కాలం నాటివే. మన నేలకి పెద్ద జీవనదుల పక్కన ఉండే సుఖం అన్నిచోట్లా లేదు. వాన నాలుగు నెలలు పడి పోతుంది. దాన్ని ఆపిపెట్టుకున్నవాడికి పంట, పంట ఉన్నవాడికి సైన్యం. రాజు నాయకుడికి ఊళ్ళు ఇస్తాడు, నాయకుడు ఆ ఊళ్ళ రాబడి మీద సైన్యాన్ని మేపి రాజుకి అవసరమైనప్పుడు తెస్తాడు. నాయంకరం అంటారు దాన్ని. ఆ రాబడికి వేరు చెరువు. కాబట్టి తెలింగుల సివ్‌కి గుండె కోట కాదు, చెరువు అని తేల్చుకున్నా. గేమ్‌లో పోల్స్‌కి మిల్ బదులు ఫోల్వార్క్ అని ఒకటి ఉంటుంది. దాని చుట్టూ పొలం వేస్తే వేసిన వెంటనే కొంత తిండి వచ్చేస్తుంది. నేను ఆ ఆలోచనని అరువు తెచ్చుకుని మిల్ బదులు చెరువు పెట్టా. చెరువు కింద పొలాలు ఎక్కువకాలం పండుతాయి.

ఎంత ఇవ్వాలి అనేదే ప్రశ్న. ఒక చెరువు కింద ఎన్ని పొలాలకి బోనస్ రావాలి? నాకు తోచిన నంబర్ వేస్తా ఉన్నా, ఆడతా ఉన్నా, కుదరట్లా. అప్పుడు దొరికింది పోరుమామిళ్ళ శాసనం.

పోరుమామిళ్ళ మాకు పక్కనే, జిల్లా దాటితే కడప వైపు. అక్కడి చెరువుకి అనంతరాజ సాగరం అని పేరు. కట్టించినవాడు భాస్కర భవదూరుడు, మొదటి బుక్కరాయల కొడుకు, ఉదయగిరి రాజ్యాన్ని పాలించినవాడు. 1369లో, అంటే ఓరుగల్లు పడిపోయిన 46 ఏళ్ళకి, సంస్కృతంలో శాసనం వేయించాడు. రెండేళ్ళు, రోజూ 1000 మంది కూలీలు, రాయి తోలడానికి 100 బళ్ళు అని లెక్క రాశాడు. నేను చదివిన ప్రాజెక్ట్ రిపోర్టుల్లో ఇంత సూటిగా రాసింది చూళ్ళేదు.

అసలు సంగతి ఆ తర్వాత ఉంది. మంచి చెరువుకి 12 అంగాలు, చెరువుకి 6 దోషాలు అని అందులో వరుసపెట్టి రాశారు. అంగాల్లో ఏమున్నాయంటే, ధర్మం తెలిసిన రాజు, నీటిశాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడు, గట్టి బంకమన్ను నేల, తియ్యటి నీళ్ళ నది, దాని పక్కన కొండలు, ఆ కొండల మధ్య మరీ పొడుగు కాకుండా గట్టిగా ఉండే రాతి కట్ట, దగ్గర్లో రాతి గని, పని తెలిసిన మనుషులు, ఇట్లా. గేమ్ ఆడేవాళ్ళకి ఇందులో ఒకటి ఠక్కున తగులుతుంది. రెండు కొండల మధ్య పొట్టి కట్ట. మనం మ్యాప్‌లో గోడ కట్టేటప్పుడు వెతికేది అదే కదా, రెండు అడవుల మధ్య సన్నటి సందు! కంభం చెరువుని చూడండి. గుండ్లకమ్మ కొండల సందులోంచి వచ్చే చోట అడ్డం కట్టారు. కట్టించింది గజపతుల ఆడపడుచు, కృష్ణదేవరాయల భార్య వరదరాజమ్మ అని మా వైపు చెప్పుకుంటారు. కట్ట ఎత్తు 57 అడుగులని ఇంగ్లీషువాళ్ళ గెజిటీర్‌లో ఉంది. కొండలే సగం గోడ. 2020లో కంభం, పోరుమామిళ్ళ చెరువులు రెండింటికీ అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ ఐసీఐడీ వారసత్వ గుర్తింపు కూడా ఇచ్చింది.

దోషాలు ఆరు. కట్టలోంచి నీళ్ళు ఊరడం. చవిటి నేల. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం. చెరువు మధ్యలో తాబేటి వీపులాగా నేల ఎత్తుగా ఉండటం. ఇక చివరి రెండు: నీళ్ళు తక్కువై తడపాల్సిన నేల ఎక్కువ కావడం, నేల తక్కువై నీళ్ళు ఎక్కువ కావడం.

ఆ చివరి రెండూ చదివి కుర్చీలోంచి లేచి అటూ ఇటూ తిరిగా. ఇది బ్యాలెన్స్ ప్యాచ్ కాదా? ఆయన పెద్ద చెరువు మంచిదని రాయలేదు. నీళ్ళకీ నేలకీ లంకె కుదరకపోతే రెండు వైపులా దోషమే అన్నాడు. వెంటనే మార్చా. చెరువు చుట్టూ పొలాలు తక్కువుంటే దాని ఖర్చు తిరిగి రాదు. ఎక్కువేస్తే ఒక్కో పొలానికి వచ్చే బోనస్ తగ్గిపోతుంది. సరిహద్దు దోషం అయితే నేను పెట్టక్కర్లేకుండానే గేమ్‌లో వచ్చేసింది. మ్యాప్ మధ్యలో చెరువు కట్టినవాడి పొలాలన్నీ ఎదుటివాడి గుర్రాలకి ఎర.

ఇంతవరకూ బాగానే ఉంది. బలహీనతే ఇంకా చాల్లేదు. అప్పుడు నాయకుల దగ్గరికి వచ్చా. ఇక్కడ నాకూ నా ఫ్రెండ్‌కీ నిజంగానే గొడవైంది.

తెలింగుల ప్రత్యేక సైనికుడికి నాయకుడు అని పేరు పెట్టా. చవక, గట్టివాడు, ఊళ్ళకి దగ్గర్లో ఉంటే ఇంకా గట్టివాడు. కానీ ఎదుటి మాంక్ మంత్రం వేస్తే మిగతావాళ్ళకన్నా త్వరగా అటు తిరిగిపోతాడు. మా ఫ్రెండ్ మండిపడ్డాడు: "ఏందిరా ఇది? మనోళ్ళు ద్రోహులని నువ్వే గేమ్‌లో రాస్తావా?"

నేను త్రిపురాంతకం చూపించా. మా మార్కాపురం వైపే, కాకతీయుల శాసనాలు చాలా ఉన్న గుడి. అందులో 1290 నాటి అంబదేవుడి శాసనం ఒకటి ఉంది. అంబదేవుడు కాయస్థ నాయకుడు, కాకతీయుల కింద పెరిగిన కుటుంబం. రుద్రమదేవి చివరి ఏళ్ళలో తిరగబడి, కడప వైపు వల్లూరు రాజధానిగా సొంతంగా ఏలాడు. ఆ శాసనంలో తను ఓడించినవాళ్ళ పేర్లు గర్వంగా చెప్పుకున్నాడు. రుద్రమ 1289లో చనిపోయినట్టు చందుపట్ల శాసనం చెప్తుంది. అంబదేవుడితో యుద్ధంలోనే పోయిందని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. తర్వాత ప్రతాపరుద్రుడు వచ్చి మా ప్రాంతాన్ని మళ్ళీ కలుపుకున్నాడు.

అంటే గేమ్ భాషలో చెప్పాలంటే మాది కన్వర్ట్ అయిన నేల. మా ఫ్రెండ్ దాన్ని ద్రోహం అన్నాడు. త్రిపురాంతకంలో నిలబడి చదివితే ఆ రాయి మీద ద్రోహం అనే మాట లేదు, ఒక రాజు గెలుపు ఉంది. మనం చిన్నప్పటి నించీ ఈ కథని ఓరుగల్లు వైపు నించే విన్నాం, మా ఊళ్ళమీద ఏలినవాడి వైపు నించి ఒక్కసారి కూడా వినలేదు. ఒక ఊరి రాబడితో సైన్యం మేపుకునేవాడికి సొంతంగా నిలబడే బలం కూడా ఆ ఊరే ఇస్తుంది. కాకతీయులని పెంచిన పద్ధతే వాళ్ళకి ఈ గండాన్నీ తెచ్చింది. దాన్ని గేమ్‌లోంచి తీసేస్తే నేను చేసింది కాకతీయులు కాదు, వాళ్ళ పోస్టర్. మా ఫ్రెండ్ ఇప్పటికీ ఒప్పుకోలేదు, ఈ ఎపిసోడ్ చూసి మళ్ళీ ఫోన్ చేస్తాడు.

ఓరుగల్లు కోట గురించి కూడా ఇట్లాగే తేల్చుకున్నా. బయటి మట్టిగోడ ఎంత గట్టిదో అమీర్ ఖుస్రో రాశాడు, ఉక్కు బల్లెం కూడా దిగేది కాదట. శత్రువు కవి మెచ్చుకున్నాడంటే ఆ గోడ బోనస్ మనకి రావాల్సిందే, ఇచ్చేశా. 1303లో ఢిల్లీ సైన్యం ఓడి వెనక్కి పోయింది. 1310లో కప్పంతో పోయింది. 1318లో మళ్ళీ వచ్చింది. 1321లో ఉలుగ్ ఖాన్ ముట్టడి వేసి, తన సైన్యంలోనే గందరగోళం రేగి వెనక్కి తిరిగాడు. 1323లో ఆయన మళ్ళీ వచ్చేసరికి కోట ఇంకో దీర్ఘ ముట్టడికి సిద్ధంగా లేదు. గోడ అదే గోడ. లోపల తిండి, బయట నాయకులు, ఆ రెండూ తేడా. అందుకే నా గేమ్‌లో తెలింగుల గోడ కూలదు, చెరువు కూలుతుంది. సినారియో ఎడిటర్‌లో ఒక ట్రిగ్గర్ పెట్టా: కట్ట తెగిందంటే దాని కింద పొలాలన్నీ ఒకేసారి పోతాయి.

ఈ కొత్త వెర్షన్‌తో మా తమ్ముడు మళ్ళీ కూర్చున్నాడు. మొదటి గేమ్ నేను గెలిచా, రెండోది వాడు గెలిచాడు. నా పెద్ద చెరువు కట్ట తెంచి గెలిచాడు. మూడోది ఆడదాం అని వాడే అడిగాడు. అదే నాకు కావాల్సింది.

అప్పుడు మా నాయన వెనక నిలబడి చూస్తన్నాడు. మా పొలం బోరు మీద ఉంటుంది, ఆ బోరులో నీళ్ళ సంగతి ఆ పైవాడికే ఎరుక. కట్ట తెగి పొలాలన్నీ ఒక్కసారి ఎండిపోవడం చూసి, "యుద్ధమొచ్చి తెగిన కట్టలు ఎన్నున్నాయిరా? మన చెరువులు పూడిక తియ్యక, కట్ట ఎవరూ పట్టించుకోక పోయినాయి" అన్నాడు.

నిజమే. పాతకాలంలో దశబంధం అని ఉండేది. చెరువు కట్టినవాడికీ బాగుచేసినవాడికీ దాని కింద భూమిలో కొంత భాగం ఇచ్చేవాళ్ళు. చెరువు కట్టడం ఒకసారి పని, దాన్ని నిలబెట్టడం ఏటేటా పని అని వాళ్ళకి తెలుసు. నా గేమ్‌లో ఆ ఏటేటా పని లేదు. కాబట్టి ఇప్పుడు కొత్త రూల్ రాస్తన్నా: కొన్ని నిమిషాలకోసారి ఒక విలేజర్‌ని పంపి కట్ట రిపేర్ చేయించకపోతే, శత్రువు రాకపోయినా చెరువు నెమ్మదిగా పూడిపోతుంది. ఎన్ని నిమిషాలకోసారి అనేది ఇంకా తేలలేదు. ఐదు నిమిషాలు పెడితే విసుగు, పదిహేను పెడితే ఎవరికీ గుర్తుండదు. మా నాయనని అడిగితే "వానకి ముందు ఒకసారి, వాన తర్వాత ఒకసారి" అన్నాడు. గేమ్‌లో వానలు లేవు. ఇప్పుడు వానలు కూడా పెట్టాలేమో చూస్తన్నా.